సిపాయి పూర్వికులు : వంశచరిత్రకు కొన్ని ఆధారాలు

వంశచరిత్ర అనగానే మన ఇళ్లలో ముందుగా పెట్టె నుండి వెలికి వచ్చేది షజ్రా. పొడవైన కాగితం మీద అందమైన దస్తూరీతో వ్రాయించి భద్రపరచిన ఆ వంశవృక్షంలో తాత, ముత్తాత, ఆపై తరాలవారు వరుసగా కనిపిస్తారు. నాలుగైదు తరాల వరకు ఆ పేర్లు మనకు తెలిసిన ఊళ్ల చుట్టూనే తిరుగుతూ ఉంటవి. ఆ పైన ఉన్నట్టుండి బుఖారా, బాగ్దాదు వంటి దూరపు పట్టణాలు వచ్చి చేరుతవి. ఈ రెంటి నడుమ ఉండవలసిన మనుష్యులు ఏ పని చేసి బ్రతికినారు, ఈ ఊరికి ఎందుకు వచ్చినారు అనే ప్రశ్నకు షజ్రా జవాబు చెప్పదు. తెలంగాణలోను, సర్కారు జిల్లాలలోను, రాయలసీమలోను స్థిరపడిన అనేక ముస్లిం కుటుంబాల విషయంలో ఆ జవాబు సిపాయి కొలువులో దొరుకుతుంది.

షజ్రాకు, సైన్యపు కాగితానికి మౌలికమైన భేదం ఒకటి ఉన్నది. షజ్రా గౌరవం కొరకు వ్రాయబడినది. సైన్యపు కాగితం జీతం కొరకు, మోసాన్ని అరికట్టుటకొరకు వ్రాయబడినది. మొగలాయి కాలంలో మన్సబుదారు తాను పోషించవలసిన రౌతులను నిజంగా పోషించక, తనిఖీ నాడు బజారు మనుష్యులను, అద్దె గుర్రాలను తెచ్చి నిలబెట్టే దురాచారం ఉండేది. దానికి విరుగుడుగా గుర్రానికి ‘దాగ్’, అనగా వాత ముద్ర వేయుట, రౌతు ముఖవర్ణనను వ్రాసి ఉంచుట అమలులోకి వచ్చినవి. ఆ ముఖవర్ణనకే ‘చెహ్రా’ అని పేరు. దక్కను సుబాలకు చెందిన ఇట్టి పత్రాలు, ‘అర్జ్-ఓ-చెహ్రా’ అనబడేవి, షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటివి వేల సంఖ్యలో హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నవి. షాజహాన్ కాలపు పత్రాలు కొన్నింటిని 1950లో అప్పటి దఫ్తర్-ఎ-దీవానీవారు ఒక సంపుటంగా ప్రకటించినారు.

ఒక చెహ్రా పత్రాన్ని చదివినపుడు కలిగే అనుభూతి ఏ రాజుల చరిత్ర చదివినా కలుగదు. రౌతు పేరు, తండ్రి పేరు, కులం, నివాసం, ఆపైన ముఖం. గందుమ్ రంగ్, అనగా గోధుమ వన్నె. ఫరాఖ్ పేషానీ, విశాలమైన నుదురు. మేష్ చష్మ్, గొర్రె కన్నుల వంటి కన్నులు. మశూచి మచ్చలు ఉంటే అవి, పుట్టుమచ్చ ఉంటే అది ఏ చెంప మీద ఉన్నదో ఆ సంగతి. తరువాత గుర్రపు రంగు, దాని గుర్తులు. ఏ కవీ వర్ణించని, ఏ చిత్రకారుడూ గీయని సామాన్యుని ముఖం మూడు వందల ఏండ్ల తరువాత మన ఎదుట నిలబడుతుంది. ఆంగ్లేయుల కాలంలో పటాలముల ‘షీట్ రోల్’ కూడ ఈ పనికే ఏర్పడినది. డిశ్చార్జి కాగితాలమీద ఎత్తు, శరీరపు గుర్తులు, ఊరు, తాలూకా, జిల్లా వ్రాసే అలవాటు దాని కొనసాగింపే.

ఇక ఆచరణలో మన విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇది: తాత ఏ సైన్యంలో పనిచేసినాడు? ‘నిజాం ఫౌజు’ అని ఇంటివారు చెప్పే మాట వెనుక కనీసం మూడు వేర్వేరు సైన్యాలు ఉండవచ్చును. నిజాం ప్రభుత్వపు సొంత సైన్యం మొదటిది. అందులో బాఖాయిదా, బేఖాయిదా అని మరల రెండు భాగాలు. రెండవది హైదరాబాద్ కాంటింజెంటు. పేరులో హైదరాబాదు ఉన్నను, ఖర్చు నిజాముదే అయినను, అధికారం ఆంగ్లేయులది. దాని ఖర్చు బాకీల పేరిటనే 1853లో బేరారు ప్రాంతం నిజాం చేతి నుండి జారినది. 1903లో ఈ కాంటింజెంటు భారత సైన్యంలో కలిసిపోయినది. దాని పదాతి పటాలములు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా ఏర్పడి, 1945లో కుమావూఁ రెజిమెంటు అనే పేరు పొందినవి. కనుక ‘19 హైదరాబాద్’ సిపాయి మనుమడు హైదరాబాదులో ఎంత వెదకినా ప్రయోజనం స్వల్పం. ఆ రెజిమెంటు కేంద్రం హిమాలయ పాదాలలోని రాణీఖేత్‌లో ఉన్నది. దాని అశ్వికదళాలలో ఒకటైన 20వ దక్కన్ హార్స్, 1916 జూలై 14న ఫ్రాన్సులోని సొమ్ యుద్ధరంగంలో హైవుడ్ అనే అడవి వద్ద గుర్రాల మీద ఈటెలతో దాడి చేసినది. మూడవది మద్రాసు సైన్యం; సికింద్రాబాదు దండులో ఉన్న సిపాయిలలో చాలమంది దానికి చెందినవారే.

ఈ భేదం ఎంత అవసరమో రెండవ ప్రపంచయుద్ధం చూపుతుంది. జపానువారు 1941 డిసెంబరులో మలయాలో కోట భారు వద్ద దిగినపుడు అక్కడి విమానాశ్రయ రక్షణలో ఉన్నది నిజాం సంస్థానపు 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. అదే మలయాలో 1942 జనవరి 7న స్లిమ్ నది వద్ద దెబ్బతిన్న దళాలలో 19వ హైదరాబాద్ రెజిమెంటు 4వ బెటాలియన్ ఉన్నది. రెండు పటాలములకూ ‘హైదరాబాద్’ పేరే. ఒకటి సంస్థానానిది, మరొకటి భారత సైన్యానిది. ‘మా తాత మలయాలో జపానువాళ్లకు దొరికినాడు’ అన్న ఒక్క మాటతో వెదకబోయే మనుమడు ఈ రెంటిలో ఏది అని ముందుగా తేల్చుకొనవలెను.

పింఛను కాగితం దొరికితే అందులోని రూపాయి కూడ ఒక జాడ చెబుతుంది. జీతం ‘హాలీ’ రూపాయలలో ఉంటే తరచు నిజాం సొంత కొలువు. ‘కల్దార్’ రూపాయలలో ఉంటే ఆంగ్లేయ కొలువు. దీనినే తిరుగులేని రుజువు అనలేము గాని, వెదకవలసిన దిక్కును అది చూపుతుంది.

పతకముల సంగతి కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. ఏలయన, అవి మన ఇళ్లలో ఇంకా మిగిలి ఉన్నవి, అత్యంత వేగంగా మాయమవుతున్నవి కూడ అవే. మొదటి ప్రపంచయుద్ధానంతరం ఇచ్చిన ‘బ్రిటిష్ వార్ మెడల్’ వెండిది. పూసలాటకు కట్టిన బిళ్లలాగ పిల్లల మెడలోనో, తాళాల గుత్తికో కనబడే ఆ పతకాన్ని తిప్పి, దాని ముఖాన్ని గాక అంచును చూడవలెను. రాజుగారి బొమ్మ లక్షల పతకాలమీద ఒకటే. అంచుమీది అక్షరాలు ఆ ఒక్కనివే. సంఖ్య, హోదా, పేరు, పటాలము అనే వరుసలో అవి సన్నగా అచ్చువేసి ఉంటవి. అదే యుద్ధానికి ఇచ్చిన ‘1914-15 స్టార్’ నక్షత్రాకారం గనుక దాని వెనుకవైపున ఈ వివరం ఉంటుంది. పేరు కన్న సంఖ్య ముఖ్యం. ఒకే పటాలములో షేక్ ఇమాములు పదిమంది ఉండవచ్చును. ఒక సంఖ్యగల షేక్ ఇమాం ఒక్కడే. ఆంగ్ల గుమాస్తా చెవికి తోచిన స్పెల్లింగు చూసి ‘ఇది మా తాత పేరు కాదు’ అనుకొనరాదు. అట్లే, ఇంట్లో ఉన్నంత మాత్రాన పతకం ఇంటివానిదేనని నిశ్చయించనూ రాదు. తాకట్టుకు వచ్చినవి, సంతలో కొన్నవి కూడ ఉంటవి. 1980 ఆరంభంలో ప్రపంచమంతట వెండి ధర విపరీతంగా పెరిగినపుడు ఈ పతకాలు లెక్కలేనన్ని మూసలలో కరిగిపోయినవి. ఇత్తడి పాలిషుతో పండుగ పండుగకూ రుద్దుట కూడ నెమ్మదిగా కరిగించుటయే. ముందు పోయేది అంచుమీది పేరు.

నా విద్యార్థి ఒకడు ఇట్టి పతకాన్నే తీసికొని వచ్చినాడు. ముత్తాత రిసాల్దారని వారి ఇంటి నమ్మకం. పతకం వెండిది కాదు, కంచుది. అంచుమీద హోదా ‘సైస్’ అని ఉన్నది. సైన్యంతో కూడ వెళ్లిన సైసులకు, గడ్డి కోసేవారికి, భిస్తీలకు, కూలి దళాలవారికి ఈ పతకాన్ని కంచులో ఇచ్చినారు. కుర్రవాని ముఖం చిన్నబోయినది. ‘ఇంట్లో ఏమని చెప్పేది సార్?’ అన్నాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పమన్నాను. గుర్రాన్ని మాలీసు చేసి, మేత పెట్టి, గుండ్ల నడుమ దాని కళ్లెం పట్టుకొని నిలిచినవాడు లేకుండ ఏ రిసాల్దారూ ఈటె ఎత్తలేదు. ఆ కుర్రవాడు ఇంటికి పోయి నానమ్మను అడుగగా, ఆమె మామగారు ముసలితనంలో కూడ వీధిలో గుర్రపుబండి ఆగితే లేచి వెళ్లి గుర్రం డెక్కలు చూసేవాడట. రిసాల్దారు కథ పోయినది గాని, ఆ ఇంటికి ఒక మనిషి దొరికినాడు.

హైఫా కథకూ ఈ జాగ్రత్తయే అవసరం. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకం 1922లో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ సంస్థానాల లాన్సర్ల పేరిట వెలసినది. ముగ్గురూ ఒకే బ్రిగేడువారు. సూయజ్ ప్రాంతంలోను, పాలస్తీనాలోను కలిసి పనిచేసినారు. అయితే 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీదికి దూకినవారు జోధ్‌పూర్, మైసూరు రౌతులు. హైదరాబాద్ లాన్సర్లలో పనిచేసిన ముత్తాతను ఆ దాడిలో నిలబెట్టకున్నను ఆయన సేవకు లోటు రాదు.

తేదీల వద్ద పొరపాటు అతి సులభం. మన కాగితాలలో హిజ్రీ, ఫస్లీ, క్రీస్తుశకం మూడూ కలిసి ఉంటవి. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు సంవత్సరం వస్తుంది. కాని నిజాం రాష్ట్రంలో ఫస్లీ సంవత్సరం ఆజుర్ మాసంతో అక్టోబరు 6 ప్రాంతంలో మొదలయ్యేది, మద్రాసు జిల్లాలలో జూలై 1న. ‘1336’ అని మాత్రమే వ్రాసి ఉంటే? హిజ్రీ అయితే 1917-18, అనగా యుద్ధకాలం. ఫస్లీ అయితే 1926-27, యుద్ధం ముగిసి ఎనిమిదేండ్లు దాటినది. కాగితంలో నెల పేరు ముహర్రమా, సఫరా, లేక బహమనా, తీరా అని చూస్తే చిక్కు విడిపోతుంది.

సైన్యం మనుష్యులను కదిలించినది. హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల బ్యారకులే నేటి బార్కస్. వనపర్తి సంస్థానాధీశుని వద్ద నుండి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికన్ అశ్వికుల పేరు ఏ.సి. గార్డ్స్ పేటగా నిలిచినది. మద్రాసు సైన్యంలో సిపాయి వెంట భార్యాబిడ్డలు కూడ దండు మారేవారు. సిపాయిల కొడుకులను ‘రిక్రూట్ బాయ్’లుగా చేర్చుకొనేవారు. అందుచేత అన్న విజయనగరంలో, తమ్ముడు బళ్లారిలో, చెల్లెలు బర్మాలో పుట్టిన కుటుంబాలు అరుదు కాదు. తెలుగు తీరం నుండి బెంగాలుకు పోయిన తొలి కంపెనీ సిపాయిల మూలంగా ఉత్తరాదిలో సిపాయికే ‘తిలంగా’ అనే పేరు పడినది. మనం బుఖారా నుండి వచ్చినామని చెప్పుకొంటున్న కాలంలో అక్కడివారు మనలను తెలుగువారుగానే గుర్తించినారన్నమాట!

వలస 1948 సెప్టెంబరుతో మరొక మలుపు తిరిగినది. సంస్థాన సైన్యం సెప్టెంబరు 18న లొంగిపోయినది. ఎందరో కొలువు కోల్పోయినారు. అరబ్బు సిపాయిలలో అనేకులు సముద్రం దాటి తిరిగి పోవలసి వచ్చినది. కొన్ని కుటుంబాలు కరాచీ చేరినవి. తాత ఫౌజులో ఉండెనని చెప్పుటకే ఆ తరువాత జంకిన ఇళ్లున్నవి. ఆ జంకు వలన పోయిన కాగితాలను తిరిగి తేలేము. పోకుండ మిగిలినవి ఇప్పుడు చెదల పాలవుతున్నవి.

మరణించిన సిపాయి జాడ ఒక విధంగా తేలిక. కామన్‌వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ జాబితాలను నేడు ఎవరైనను కంప్యూటరులో వెదకవచ్చును. ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్, ఇరాకులోని బస్రా, సింగపూరులోని క్రాంజీ స్మారకాలలోని పేర్లకు అనేకచోట్ల తండ్రి పేరు, ఊరు కూడ చేర్చి ఉన్నవి. బ్రతికి తిరిగి వచ్చినవానికే కష్టం; అతనికి ఇంటి పెట్టెయే ఆర్కైవ్స్.

ఆ పెట్టెలోని కాగితాలను చదువుటకు రెండు భాషలూ కావలెను. సనదు, పింఛను ఉత్తర్వు షికస్తా దస్తూరీలో ఉర్దూలోనో ఫార్సీలోనో ఉంటవి. అంకెలు ‘రఖం’ పద్ధతిలో అక్షరాలను కుదించి వ్రాసినవి. అదే సిపాయికి దక్కిన భూమి దస్తావేజు తెలుగులో ఉంటుంది. సర్కారు జిల్లాలలో ‘షేక్’ అన్నదే ఇంటిపేరు గడిలో ఎక్కించిన తరువాత మరుగున పడిన అసలు తెలుగు ఇంటిపేరు పాత భూమి కాగితాలలో బయటపడుతుంది. మన కళాశాలలో ఉర్దూ విభాగం, తెలుగు విభాగం ఒకే వరండాలో ఎదురెదురుగా ఉన్నవి. ఒక కుటుంబపు కాగితాలను ఇద్దరు విద్యార్థులు, ఒక్కొక్క విభాగం నుండి ఒక్కరు, కలిసి చదివితే తప్ప పని సాగదు.

కమిటీవారికి నా మనవి ఒక్కటే. గ్రంథాలయంలో ఒక గట్టి అట్ట రిజిస్టరు ఉంచవలెను. అసలు కాగితం గాని, పతకం గాని ఎవరి వద్దనుండీ తీసికొనరాదు. ఫొటో తీసి, నకలు వ్రాసి, వెంటనే తిరిగి ఇవ్వవలెను. షికస్తా చదువగల విశ్రాంత ఉపాధ్యాయులు మన పట్టణంలో వేళ్లమీద లెక్కింపదగినంతమంది మిగిలినారు. వేసవి సెలవులలో వారానికొక రోజు వారిని పిలిపించుట పెద్ద ఖర్చు కాదు. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ, విన్న కథను ఒక పుటలోను, కాగితం చెప్పే సంగతిని ఎదుటి పుటలోను వేరువేరుగా వ్రాయవలెను. పతకమైతే, అంచుమీది అక్షరాలను తప్పు స్పెల్లింగుతో సహా ఉన్నవి ఉన్నట్లుగా ఎక్కించవలెను.