వేడెక్కితే మెత్తబడని లోహం

కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము మెత్తబడుతుంది. కమ్మరి దెబ్బకి వంగుతుంది. ఇది మనం చూసిందే. మరి జెట్ విమానం ఇంజనులో టర్బైన్ బ్లేడ్లు ఎర్రటి వేడిలోనే నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి. అవి మెత్తబడి సాగితే? లోపల కూర్చున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. అందుకే వాటిని మామూలు లోహంతో చేయరు.

నికెల్ 1455 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అల్యూమినియం 660 దగ్గరే. కాని పరమాణువుల లెక్కన రెండూ సమానంగా కలిస్తే వచ్చే పదార్థం సుమారు 1640 దాకా కరగదు! ఇలా లోహాలు ఒక లెక్క ప్రకారం, ఎవరి చోట్లో వారు కూర్చుని ఏర్పడేదే అంతర్లోహ సమ్మేళనం.

బ్లేడ్లకు బలమిచ్చేది గామా ప్రైమ్. ఒక ఘనం గీయండి. 8 మూలల్లో అల్యూమినియం, 6 ముఖాల మధ్యలో నికెల్ పెట్టండి. ఒక్కో మూల 8 ఘనాలకు ఉమ్మడి కాబట్టి 8 × 1/8 = 1. ఒక్కో ముఖం 2 ఘనాలకు ఉమ్మడి కాబట్టి 6 × 1/2 = 3. అంటే 1 అల్యూమినియంకు 3 నికెల్.

దీని వింత ఏమిటంటే, సుమారు 700–800 డిగ్రీల వరకు వేడి పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది. లోహం వంగడమంటే లోపలి దోషరేఖలు జారడమే. వేడికి అవి పక్క తలంలోకి మళ్లి, గడియ పడ్డట్టు అక్కడే ఇరుక్కుంటాయి.

కాని ఒంటరిగా ఇది పెళుసు. రవ్వంత బోరాన్ కలిపితే సాగుతుందని 1979లో జపాన్ శాస్త్రవేత్తలు ఆవోకి, ఇజుమి చూపారు. బ్లేడులో మాత్రం దీన్ని ఇటుకల్లా పేరుస్తారు. ఒక్కో ఇటుక మిల్లీమీటరులో సుమారు 2,000వ వంతు. మధ్యలో సున్నంలా ఉండేది గామా అనే మెత్తని నికెల్ మిశ్రమం.

ఎక్కువకాలం కాలితే చిన్న ఇటుకలు కరిగి పెద్దవాటిలో చేరతాయి, గోడ బలం తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే అన్నీ గామాలో కరిగిపోతాయి. అందుకని నెమ్మదిగా కదిలే రీనియం, టంగ్‌స్టన్ కలుపుతారు. అవీ మితిమీరితే పెళుసు పలకలు పుడతాయి. ఉప్పైనా కూరకు తగినంతే వెయ్యాలి కదా!

హైదరాబాద్‌లో 1973లో స్థాపించిన మిధాని సంస్థ ఇలాంటి నికెల్ మిశ్రలోహాలు తయారుచేస్తుంది.

ప్రశ్న: ఘనం 8 మూలల్లో నికెల్, సరిగ్గా మధ్యలో ఒక అల్యూమినియం. నిష్పత్తి ఎంత? పైన చెప్పినవాటిలో అది ఏది? నోట్సులో బొమ్మ గీసి చూడండి.