కేజీఎఫ్ దగ్గర బీడు అమ్మాలంటే

మారికుప్పం రైల్లో వచ్చి చిక్కపేట చీరల కొట్లలో పనిచేసే మనవాళ్లలో కొందరికి కోలారు బంగారు గనుల చుట్టుపక్కల తాతల నాటి నేల ఉంది. సర్కారు తుమ్మ మొలిచి, దున్నేవాళ్లు లేక బీడుపడిన నేల. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక దాన్ని అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు బేతమంగళం దాకా చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వచ్చేసరికి దళారులు కొట్టు దగ్గరికే వస్తున్నారు. ధర మాట తర్వాత. ముందు కాగితాలు చూసుకోండి.

భూమి వెబ్‌సైటులో పహాణీ తీయండి. అందులో 3వ కాలమ్ దగ్గర ఆగండి. మొత్తం విస్తీర్ణం కింద ఖరాబు ఎంతో రాసి ఉంటుంది. ‘బి’ ఖరాబు అంటే బండిదారికో, వాగుకో, శ్మశానానికో వదిలిన నేల. దాన్ని అమ్మే హక్కు మీకు లేదు. ఎకరా పది గుంటలని నాన్న చెప్పినా, అందులో పది గుంటలు ‘బి’ ఖరాబైతే మీరు అమ్మగలిగేది 40 గుంటలే. 9వ కాలమ్‌లో ఇంకా తాత పేరే ఉంటే పౌతి ఖాతా, అంటే వారసుల పేరిట మార్పు, చేయించాలి. దానికి అత్తలు, చెల్లెళ్లు అందరి సంతకాలూ కావాలి. ఆలస్యమయ్యేది ఇక్కడే, కాబట్టి ఈ పండక్కే మాట్లాడేయండి. 11వ కాలమ్‌లో పాత బ్యాంకు అప్పు కనిపిస్తే అది తీర్చి కొట్టేయించాలి.

కొనేవాడి లాయరు రెండు ప్రశ్నలు తప్పక వేస్తాడు. ఇది భారత్ గోల్డ్ మైన్స్ నేల కాదు కదా? గ్రాంటు భూమి కాదు కదా? షెడ్యూల్డు కులాల, తెగల వారికి సర్కారు ఇచ్చిన భూమైతే, 1978 చట్టం ప్రకారం అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. సర్వేయరుతో హద్దురాళ్లు చూపించి, నక్ష చేతిలో పెట్టుకోండి. కంప కొట్టించడం ఆ తర్వాతే. రాళ్లు కనపడకముందు పొక్లెయిన్ దించితే పక్కవాడితో తగువు ఖాయం.

“జీపీఏ ఇచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం” అనే దళారికి దణ్ణం పెట్టి పంపేయండి. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. పన్ను సంగతి ఆడిటరుని అడగండి. రాబర్ట్‌సన్‌పేట పురపాలక హద్దుకు 6 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమికి వెసులుబాటు ఉంది గానీ, ఏళ్లుగా నాగలి పడని నేలను సాగుభూమి అని ఒప్పించడం కష్టం.

రిజిస్ట్రేషన్‌కి కావేరి 2.0లో స్లాటు దొరికాకే కొట్టు యజమానిని సెలవు అడగండి. ముందే అడిగి తేదీ మారితే రెండు రోజుల జీతం పోతుంది. ఇక డీడీ నంబరు క్రయపత్రంలో ఎక్కనిదే వేలిముద్ర వేయకండి.