వెబ్ పేజీలో సదిశలు – ఒక చిన్న లైబ్రరీ నిర్మాణము

రాశులు రెండు విధములని ఇంటర్మీడియేట్ తరగతిలోనే చదివియున్నాము. పరిమాణము మాత్రమే కలది అదిశ. పరిమాణముతో పాటు దిశ కూడ కలది సదిశ. ఎల్.బి.నగర్ కూడలిలో నిలిచిన బాటసారితో "మూడు కిలోమీటర్లు పొమ్ము" అనిన చాలదు. విజయవాడ రహదారి వెంట తూర్పునకు సాగిన హయత్‌నగర్ దారి పట్టును. పడమరకు తిరిగిన దిల్‌సుఖ్‌నగర్ దారి పట్టును. ఉర్దూ చదివిన మిత్రులు సదిశను 'సమ్తియా' అందురు. 'సమ్త్' అనగా దిక్కే. రెండు భాషలును దిక్కును పట్టుకొనియే పేరు పెట్టుట గమనింపదగినది.

ఈ రహదారిపై పోవు బస్సును వెబ్ పేజీలోని పటముపై చూపవలెనని ఒక విద్యార్థి తలపెట్టెననుకొందము. బస్సు ఉన్న చోటు ఒక సదిశ. దాని వేగము మరొక సదిశ. సెకనుకొకమారు స్థానమునకు వేగమును కూడుచు పోవలెను. కాని 1995లో వెలువడిన జావాస్క్రిప్టు భాషలో సదిశలను కూడు గుర్తు లేదు. [3, 4], [1, 2] అను పట్టికల నడుమ కూడిక గుర్తు నుంచినచో [4, 6] రాదు. యంత్రము రెండింటిని అక్షరములుగా మార్చి, '3,41,2' అని అతికించి యిచ్చును! తప్పు జరిగినదని హెచ్చరిక యైనను చేయదు. లైబ్రరీ అవసరము ఇక్కడనే కలుగుచున్నది.

కూడిక, తీసివేత, అదిశతో గుణకారము, పొడవు, యూనిట్ సదిశ, అదిశా లబ్ధము – ఈ ఆరు ఫంక్షనులు మన పనికి చాలును. వీనికి తెలుగు లిపిలోనే పేర్లు పెట్టవచ్చును. జావాస్క్రిప్టు అందుకు అంగీకరించును. తెర మీద నిలువు అక్షము క్రిందికి పెరుగునని మాత్రము గుర్తుంచుకొనవలెను.

వీనిలో అదిశా లబ్ధము మిక్కిలి ఉపయోగకరము. స్టాపు స్థానమునుండి బస్సు స్థానమును తీసివేసి, వచ్చిన సదిశకును బస్సు దిశకును అదిశా లబ్ధము కట్టుడు. ఫలితము ధనాత్మకమైన స్టాపు ముందున్నది, ఋణాత్మకమైన దాటిపోయినది, సున్న యైన సరిగా ప్రక్కన ఉన్నది, లేదా బస్సు స్టాపులోనే ఉన్నది. కోణములు కొలువనక్కరలేదు.

యూనిట్ సదిశ కొరకు ప్రతి అంశమును పొడవుచే భాగింతుము. వేగము (3, 4) అయినచో పొడవు 5, దిశ (0.6, 0.8). బాగుగనే యున్నది. కాని బస్సు స్టాపులో ఆగినప్పుడు వేగము (0, 0), పొడవు సున్న. సున్నను సున్నతో భాగించిన జావాస్క్రిప్టు ఆగిపోదు. 'సంఖ్య కానిది' అను ఒక విలువను నిశ్శబ్దముగా ఇచ్చును. ఆ విలువతో ఏది కూడినను అదియే వచ్చును. అది ఒక్కమారు బస్సు స్థానములో కలిసెనా, బస్సు తెరపైనుండి మాయమగును. మరల కదిలినను కనబడదు. పరీక్షించునప్పుడు బస్సు ఎప్పుడును పరుగిడుచుండుటచే ఈ దోషము బయటపడదు. 2010లో వెలువడిన త్రీ.జెఎస్ లైబ్రరీ పొడవు సున్నయైనచో 1 చే భాగించును. జీఎల్-మ్యాట్రిక్స్ పొడవు సున్నకంటె ఎక్కువయైననే భాగించును. ఒక్క పంక్తి జాగ్రత్త, అంతే.

ఇంకొక చిక్కు కలదు. తీసివేత ఫంక్షను క్రొత్త సదిశను ఇయ్యవలెనా, ఇచ్చిన సదిశనే మార్చవలెనా? త్రీ.జెఎస్‌లో ఫంక్షను ఏ సదిశపై పిలువబడినదో ఆ సదిశయే మారును. అది తెలియక స్టాపునుండి బస్సును తీసివేసినచో, స్టాపే పటముపై తన చోటు విడిచి పోవును! జీఎల్-మ్యాట్రిక్స్‌లో ఫలితమును ఉంచుకొను పాత్రను మనమే అందింపవలెను. సెకనుకు అరువది మారులు చిత్రము గీయు పేజీలో ప్రతిసారి క్రొత్త సదిశలను సృష్టించిన జ్ఞాపకశక్తిపై భారము పడుననుట వారి జాగ్రత్తకు కారణము. మన పటములో బస్సులు పదియో ఇరువదియో ఉండును. కావున ప్రతి ఫంక్షను క్రొత్త సదిశనే ఇచ్చునట్లు వ్రాయుట మేలని నా అభిప్రాయము. బస్సులు వేలైననాడు రెండవ పద్ధతికి మారవచ్చును.