ఒంట్లో బాగున్నా రక్తపరీక్షలెందుకు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఏ బాధా లేదు. అయినా రక్తపరీక్షలు అవసరమా? అన్నం మానడం మాత్రం నా వల్ల కాదు. – ఒక పాఠకుడు, దేవరయాంజాల్

జవాబు: అవసరమే. షుగర్ ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండగలదు, కాబట్టి బాధ లేకపోవడం రుజువు కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు అంచనా వేసింది. పరగడుపున గ్లూకోజ్ 100-125 ఉంటే ఆ ముందు దశ. 126, ఆపైన వస్తే మరోసారి పరీక్షించి నిర్ధారించాలి. ముందే తెలిసి ఏం లాభమంటారా? 2006లో ప్రచురితమైన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో తిండి, నడక మార్పులతోనే ముప్పు దాదాపు 28 శాతం తగ్గింది.

అన్నం మానక్కర్లేదు. ఒక గరిటె తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. జొన్నరొట్టె మంచిదే, కానీ రొట్టెలు తిన్నాక మళ్లీ అన్నం కలుపుకొంటే ప్రయోజనం సున్నా. ఖరీదైన ప్యాకేజీలూ వద్దు: గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చాలు. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు, అందుకే చివరిది. ఖర్చుకు జంకితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా పరీక్షలు ఉచితం. పరగడుపున వెళ్లండి.