బీచికి తర్వాత వెళ్దురుగాని

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మారిషస్‌కి టికెట్లు తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. విమానం దిగింది మొదలు బీచి హోటల్లోనే మకామట కదా. అల్లుడికి నా మాటగా చెప్పు, సముద్రం ఎక్కడికీ పోదు. ముందు ఒక రోజు పోర్ట్ లూయీలో తిరగండి. అదీ పనిదినం చూసుకుని. ఆఫీసులు మూశాక ఆ ఊళ్లో మనిషి కనబడడు. ఆదివారమైతే మార్కెట్టు కూడా మధ్యాహ్నం దాకానే. క్యూర్‌పైప్ వైపు నుంచి వచ్చేట్టయితే మెట్రో ఎక్కండి, ఆ ట్రాఫిక్‌లో కారు దండగ.

పొద్దున్నే ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లండి. రేవు పక్కన నాలుగు రాతి గోడలు, కొన్ని మెట్లు, అంతే. దీనికోసమా ఇంత దూరం వచ్చాం అంటాడు అల్లుడు. అననీ. బానిసత్వం రద్దవుతుంటే చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, తోటల దొరలు మన దేశం మీద పడ్డారు. 1834 మొదలు 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది ఒప్పందకూలీలుగా ఆ ద్వీపంలో దిగారు. మన కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అందుకే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. ఇప్పటికీ ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. ఘాట్ పక్కనే ఉన్న ప్రదర్శనశాల కూడా తీరిగ్గా చూడండి, ఫొటోలు దిగి వచ్చెయ్యకండి. పాత మిలిటరీ ఆసుపత్రి భవనంలో బానిసత్వపు మ్యూజియం పెట్టారు. కూలీల కంటే ముందు ఆ తోటల్లో చాకిరీ చేసిందెవరో తెలియాలంటే అది చూడాలి.

ఈపాటికి ఆకలేస్తుంది. సెంట్రల్ మార్కెట్ చుట్టుపక్కల దాల్ పూరీ బండ్లుంటాయి, జనం ఎక్కడ మూగితే అక్కడ నిలబడండి. ఉడికించిన పప్పు పొడిచేసి లోపల పెట్టి వత్తిన పల్చటి రొట్టె అది, బెల్లం వెయ్యని బొబ్బట్టనుకో. రెండేసి కలిపి, బీన్స్ కూర, టమాటా రుగాయ్, పచ్చడి వేసి కాగితంలో చుట్టిస్తారు. మిరపకాయ ముద్ద వెయ్యమంటావా అని అడుగుతారు. గుంటూరు కారం తిన్నవాళ్లమని బడాయికి పోకండి, మొదట కాస్తే వేయించుకోండి. మంట పుడితే అలూదా ఉంది. చల్లటి పాలు, సబ్జా గింజలు, అగర్ తురుము. మీ పెద్దమ్మకి నచ్చలేదు గాని నేను రెండు గ్లాసులు తాగాను.

తర్వాత రేవు ఒడ్డునున్న కాడాన్‌కి వెళ్లండి. అక్కడి షాపులకేం, హైదరాబాదులోనూ ఉన్నాయి. అక్కడున్న బ్లూ పెన్నీ మ్యూజియం మాత్రం వదలొద్దు. 1847 నాటి తపాలా బిళ్లలు రెండున్నాయి. వెలుతురు తగిలితే రంగు వెలుస్తుందని అసలు బిళ్లలకు గంటకు కొద్ది నిమిషాలే దీపం వేస్తారు, మిగతా సేపు నకళ్లే. ఆ వేళ ఎప్పుడో టికెట్ కొనేటప్పుడే కనుక్కోండి. డోడో పక్షి ఎముకల గూడు సహజ చరిత్ర మ్యూజియంలో ఉంది, దారిలో పడితే తొంగిచూడండి.

ఎండ తగ్గాక సిటడెల్ కోట ఎక్కితే రేవూ, కొండలూ, షాన్ ద మార్స్ మైదానమూ ఒక్క చూపులో కనిపిస్తాయి. 1812 నుంచి గుర్రప్పందాలు జరుగుతున్న మైదానమది. 1968 మార్చి 12న స్వతంత్ర మారిషస్ జెండా ఎగిరిందీ అక్కడే. మీరు వెళ్లేది పందేల కాలంలో, శనివారం అయితే మాత్రం అల్లుడి పర్సు నీ దగ్గర పెట్టుకో.

మీ పెదనాన్న