కందిలో సగం ‘రిపీట్లే’!

ఫిల్మ్‌నగర్‌లో ఒకే కథ పదిసార్లు తిరిగొస్తే విసుక్కుంటాం. మొక్కల జీనోమ్‌లో అది మామూలే. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ (స్థాపన: 1972) నేతృత్వంలో 2011లో వెలువడిన కంది జీనోమ్‌లో దాదాపు సగం పునరావృత డీఎన్‌ఏయే. ఇందుకు ఎంచుకున్న కంది రకం ‘ఆశ’. క్రోమోజోములు 11 జతలు, అంచనా జన్యువులు 48,680. సజ్జలో 7 జతలే, అయినా జీనోమ్ కందికి రెట్టింపు పైనే. ఎందుకంటే, తమ నకళ్లు తీసి వేరే చోట అతికించే రెట్రోట్రాన్స్‌పోజాన్లు అందులో కోకొల్లలు. ఒకేలాంటి వరుసల మధ్య పొరపాటు మార్పిడి జరిగితే క్రోమోజోము ముక్కలు తెగిపోతాయి, తిరగబడతాయి, చోటు మారతాయి. క్రోమోజోముల పరిణామానికి అదో దారి. చోటు మారే జన్యువులను మొక్కజొన్నలో కనుగొన్నది బార్బరా మెక్‌క్లింటాక్, నోబెల్ 1983లో. ఇక్కడే చాలామంది తప్పు టిక్కు పెడతారు: ఆ బహుమతి రసాయనశాస్త్రంలో కాదు, వైద్యశాస్త్రంలో.