వాదనకు నిలిచే వార్త: పోచంపల్లి నుంచి మనుమడికి ఉత్తరం

2021 నవంబరులో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. యునెస్కో దగ్గర ఉన్నది వేరే సంగతి. దేశంలోని పేరున్న చీరల నేత కేంద్రాలతో కలిపి పోచంపల్లి పేరు ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో ఉంది. తాత్కాలిక జాబితా అంటే ముందుముందు పరిశీలనకు పంపదలచిన పేర్ల పట్టీ, అంతే. ఈ రెంటినీ కలిపేసి ‘పోచంపల్లికి యునెస్కో వారసత్వ హోదా వచ్చింది’ అని ఎవరైనా రాస్తే అందులో ఊరి మీద ప్రేమ ఉంటుంది, ఐక్యరాజ్యసమితి పేరూ ఉంటుంది, నిజం మాత్రం ఉండదు. ఆన్‌లైన్ చర్చల్లోకి దిగే యువకుడు మొదట పరీక్షించవలసింది ఇలాంటి మాటలనే. నచ్చని మాటను ఎవరైనా తరచి చూస్తారు. నచ్చిన మాట దగ్గరే ఏమరుపాటు వస్తుంది.

ఇంట్లో కూర్చుని ఎవరు ఏది నమ్మినా అడిగేవాడు లేడు. నలుగురి ముందు ఆధారంగా పెట్టే వార్తకు మాత్రం ఇంకో అర్హత కావాలి. అవతలి పక్షంవాడు కూడా దాన్ని తెరిచి ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఆ సంగతి ఎక్కడి నుంచి తెచ్చారో చూసుకోగలగాలి. చీరల సంగతి తెలిసినవాళ్లు కొనేముందు గుడ్డను తిరగేసి చూస్తారు. దారానికే చిటికి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసిన గుడ్డ మీద డిజైను రెండువైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన గుడ్డ వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. వార్తను కూడా అలా తిరగేసి చూడనిచ్చే మూలమే చర్చకు పనికొస్తుంది.

అలా చూడకపోతే ఏమవుతుందో 2018 వేసవిలో పాలమూరు, నల్గొండ ప్రాంతాలు చూశాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు ఊరూరా పాకాయి. ఆ ఏడాది దేశమంతా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఉన్న పిల్లవాణ్ని లాక్కుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో వాళ్లు పిల్లవాణ్ని వెనక్కి తెచ్చి దింపి, తల్లిదండ్రులకు జాగ్రత్త చెబుతారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేసి మిగతాది పంపారు. చూసినవాళ్లు కళ్లారా చూశామనే అనుకున్నారు. ఆ మే నెలలోనే పోచంపల్లికి పొరుగున ఉన్న బీబీనగర్ మండలంలో ఒక ఆటో డ్రైవరును దొంగ అనుకుని జనం కొట్టి చంపారు. అతని చావుకు ఫోను పట్టుకున్న ప్రతి చేయీ కొంత జవాబుదారే.

అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్లకు వెళ్లిన పోలీసులు గమనించారు. ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు బయటపడ్డాయి. గద్వాల, వనపర్తి జిల్లాల్లోని దాదాపు 400 ఊళ్లలో పోలీసులు ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు. డప్పు చాటింపు వేయించారు, పాటలు కట్టించి పాడించారు, ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరారు. ఆ రెండు జిల్లాల్లో పుకార్ల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. ఇది పోలీసుల ఘనతగా మాత్రమే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. ఊరికి వచ్చిన కానిస్టేబులుకు పేరుంది, ఠాణా ఉంది. చెప్పింది తప్పని తేలితే రేపు నిలదీయవచ్చు. వీడియో పంపినవాడికి అవేవీ లేవు. నమ్మదగిన మూలానికి మొదటి గుర్తు అదే. తప్పయితే ఎవరిని అడగాలో తెలిసి ఉండాలి. ఆ జులైలో వాట్సాప్ ఫార్వర్డ్ అయిన సందేశాలకు గుర్తు పెట్టడం మొదలుపెట్టి, దేశంలో ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఆ గుర్తున్న సందేశాన్ని, అది ఎంత తెలిసినవాళ్ల ఫోను నుంచి వచ్చినా, ఆధారంగా చూపకూడదు. మేనమామ పంపినంత మాత్రాన అది మేనమామ చూసింది కాదు కదా.

పేరూ చిరునామా ఉన్న మూలాల్లో పాతది పత్రిక. 1867 నాటి చట్టం కాలం నుంచీ పత్రిక మీద ముద్రాపకుడు, ప్రచురణకర్తల పేర్లు ఉండాలి. ఆ చిన్న అక్షరాల వరుసను చదివేవాళ్లు తక్కువ. అది చదివాక యాజమాన్యం ఎవరిదో కూడా తెలుసుకోవాలి. 2008లో మొదలైన సాక్షి వై.ఎస్. జగన్ కుటుంబానిది. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ నాటి టీఆర్‌ఎస్ నేతలది. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది. యజమాని ఎవరో తెలిసినంత మాత్రాన ఆ పత్రికను అవతల పారేయనక్కర్లేదు. పార్టీ పత్రికలో రైతుబజారు ధరలు, ప్రమాద వార్త, కోర్టు తీర్పు నిక్కచ్చిగానే ఉండవచ్చు. సొంత పార్టీ సభకు ఎంతమంది వచ్చారన్న అంకె, ఎదుటి పార్టీ మీద ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అన్న కథనం దగ్గర ఆగాలి. రెండు ఎదురు పక్షాల పత్రికలను పక్కపక్కన పెట్టుకుని, రెండూ ఒప్పుకున్నంత మేరకు వార్తగా తీసుకోవడం తెలుగు పాఠకుల్లో చాలామందికి అలవాటే. ఆ పద్ధతి మంచిదే. రెండూ ఒకే ప్రెస్‌నోటును ముద్రించలేదని చూసుకుంటే చాలు.

పార్టీ కన్నా లోతైన జబ్బు డబ్బు. 2009 ఎన్నికల తర్వాత చెల్లింపు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. అందులో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. అభ్యర్థులు డబ్బిచ్చి వార్తలు రాయించుకున్న తీరును 2010 నివేదికలో వివరంగా రాశారు. కౌన్సిల్ ఆ పూర్తి నివేదికను వెంటనే బయటపెట్టలేదు. సమాచార హక్కు కింద కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే 2011లో అది జనానికి దొరికింది. ఎన్నికల వేళ ఒక అభ్యర్థిని ఆకాశానికెత్తే కథనం రచయిత పేరు లేకుండా, ఒకే మాటలతో రెండు చోట్ల కనిపిస్తే దాన్ని ప్రకటన కిందే లెక్కించాలి.

నిజమైన వార్త కూడా చర్చలో అబద్ధంగా మారగలదు. నేత పని చేసే ఇళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణ జీఎస్టీ. బట్టల మీద పన్ను 5 నుంచి 12 శాతానికి పెంచుతూ 2021 నవంబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమలు కావాలి. డిసెంబరు 31న జీఎస్టీ కౌన్సిల్ సమావేశమై దాన్ని వాయిదా వేసింది. నవంబరు నాటి పత్రిక ముక్క ఆ రోజుకు అక్షరాలా నిజం, జనవరిలో చూపిస్తే అబద్ధం. తేదీ లేని కటింగును అందుకే పక్కన పెట్టాలి. కటింగు మీద పత్రిక పేరున్నా సరిపోదు. వార్తల యాప్ వే2న్యూస్ లోగో పెట్టి నకిలీ పోస్టులు తయారుచేయడం, అది తమది కాదని ఆ సంస్థ చెప్పుకోవలసి రావడం చాలాసార్లు జరిగింది. పత్రిక ఈ-పేపరులోనో సైటులోనో ఆ వార్త దొరికేదాకా ఆ కటింగు ఉత్త బొమ్మే.

అంకెల దగ్గర ఇంకొంత ఓపిక కావాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు దళితులు 80 ఎకరాలు అడిగారు, ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అలా మొదలైన భూదాన ఉద్యమం దేశమంతా పాకాక రెండు రకాల లెక్కలు వచ్చాయి. ఒకటి దానంగా రాసిచ్చిన భూమిది, రెండోది పేదలకు నిజంగా పంచిన భూమిది. రెండోది చాలా తక్కువ. ఈ తేడా చూడకుండా ఇద్దరు చెరో అంకె పట్టుకుని తిట్టుకుంటే, ఇద్దరి పత్రికలూ నిజమే రాసి ఉండవచ్చు. ఇలాంటి చోట వార్తను దాటి మూలపత్రం దాకా, అంటే జీవో, తీర్పు, గెజిట్, శాసనసభలో చెప్పిన జవాబు దాకా వెళ్లాలి.

నిజనిర్ధారణ సంస్థలు ఈ పనిలో తోడుంటాయి. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ తెలుగులోనూ రాస్తుంది, ఏ పత్రం చూసి తేల్చిందో లింకులతో చూపుతుంది. 2019లో మొదలైన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ కేంద్ర ప్రభుత్వం గురించిన మాటలకే పరిమితం, అదీ ప్రభుత్వ విభాగమే. తన గురించిన వార్తల్లో ఏది అబద్ధమో ప్రభుత్వ విభాగమే తేల్చేలా తెచ్చిన ఐటీ నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. ‘ఇది ఫేక్’ అని ముద్ర వేసినవాళ్లు కూడా ఎలా తేల్చారో చూపాలి. చూపకపోతే అది ఇంకొక అభిప్రాయమే.

వాదనకు ఆధారం ఎలా కూర్చాలో పాలమూరు మనిషే చూపించి వెళ్లాడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు ఆవేశపు సంపాదకీయంతో సరిపెట్టలేదు. ఊళ్లకు కబురు పంపి, కవితలూ వివరాలూ తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అనుమానం ఉన్నవాడు పుస్తకం తెరిచి కవుల పేర్లు లెక్కపెట్టుకోవచ్చు. తొంభై ఏళ్లయినా ఆ జవాబును కాదన్నవాళ్లు లేరు.

మిగిలింది సవరణ. తప్పు అచ్చయితే మరునాడు సవరణ వేసే పత్రిక, ఎన్నడూ వేయని పత్రిక కన్నా నమ్మదగినది. తప్పులు అందరూ చేస్తారు, ఒప్పుకునేవాళ్లు కొందరే. చర్చించే యువకుడికీ అదే వర్తిస్తుంది. తాను పెట్టిన వార్త తప్పని తేలితే గుట్టుగా చెరిపేయకుండా, అదే చోట, అదే మనుషుల ముందు, ఏది తప్పో ఏది ఒప్పో తేదీతో సహా ఆ రోజే రాయాలి.

ఆశీస్సులతో,
తాత
భూదాన్ పోచంపల్లి